నాచుదారం, సగం తొడ

సిస్టర్ పట్టకారుతో కట్టు ఊడదీసి స్టీలు ట్రేలో పడేసింది. అది టంగుమని మోగింది.

గాయం మీద వేసిన కట్టు మెత్తగా రావాలి, తడిగా రావాలి. మోగకూడదు. ఆ సంగతి ఆ వార్డులో సెలైన్ సీసా వేలాడే ఇనుప స్టాండుకి కూడా తెలుసు. తెలియనిదల్లా గుమ్మంలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ మన కుర్రాడికే.

"ఇది తయారుచేసింది మీరేనా?" అంది సిస్టర్.

"అవునండీ" అన్నాడు. ఫొటో తీస్తారనుకున్నాడో ఏమో, చొక్కా కాలరు కూడా సర్దుకున్నాడు.

"దేనికోసం చేశారు? గాయానికా, గోడకా?"

"అదేంటండీ! ల్యాబ్‌లో బీకర్లో వేస్తే నాలుగు నిమిషాల్లో జెల్లీలా అయిపోయింది. మూడుసార్లు టెస్ట్ చేశాం."

"బీకరుకి జ్వరం వస్తుందా? బీకరు రాత్రంతా మూలుగుతుందా? బీకరు నెత్తిన ఫ్యాను తిరుగుతుందా?"

కుర్రాడు తలెత్తి చూశాడు. నిజంగానే ఫ్యాను తిరుగుతోంది. మంచానికొకటి చొప్పున తొమ్మిది ఫ్యాన్లు, తొమ్మిదీ గిరగిరా. ఒళ్ళు కాలినవాళ్ళ వార్డులో ఫ్యాను ఆపమని అనగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అసలు కథ ఏమిటంటే, ఆస్పత్రి వెనక బిల్డింగులో మన కుర్రాడు సముద్రపు నాచు నుంచి దారం తీస్తాడు. ఆ దారాన్ని దూదిపరుపులా పరిచి గాయం మీద వేస్తే, గాయం నుంచి ఊరే రసిని తాగి అది జెల్లీ అయిపోతుంది. అప్పుడు కట్టు మార్చేటప్పుడు లాగక్కర్లేదు, దానంతటదే జారిపోతుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. బీకరు నిండా ఉప్పునీళ్ళు కాబట్టి బీకర్లోనూ బాగానే ఉంది. కాలిన చోట కప్పడానికి చర్మం గీసి తీసిన మనిషి తొడ మీద మాత్రం రెండో రోజుకే రసి తగ్గింది. పైనుంచి ఫ్యాను గాలి. దారం ఎండి అట్టయి, కింద అప్పుడప్పుడే పుడుతున్న లేత చర్మాన్ని పళ్ళతో కరిచినట్టు పట్టుకుంది. ఊడదీస్తే చర్మం కూడా దాంతోపాటే వచ్చేసింది.

ల్యాబ్‌లో ఐదుగురు చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఒక్కరికీ ఫ్యాను గుర్తుకు రాలేదు.

"అమ్మాయ్, వదిలెయ్యవే పాపం" అన్నాడు మంచం మీది పెద్దాయన. గొంతు బొంగురుగా ఉంది. మెడ, ఛాతీ, కుడి చెయ్యి కట్ల కిందే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపాడు. ముప్ఫై ఒకటో ఏట ఆవిరి గొట్టం పగిలి ఆయన మీదికే తిరిగింది. వార్డులో అందరూ ఆయన్ని బాయిలర్ పెద్దాయన అనే పిలుస్తారు. "నన్ను ఉడికించింది బాయిలరు. ఆ అబ్బాయిని నువ్వెందుకు ఉడికిస్తావు?"

"పెదనాన్నా, నువ్వు మాట్లాడకు. మెడ కదులుతుంది."

పెదనాన్న! కుర్రాడి చేతిలో నోట్‌బుక్ జారి కింద పడింది. తీసుకోవడానికి వంగినవాడికి మళ్ళీ లేవడానికి చాలాసేపు పట్టింది.

"రేపు తొమ్మిదింటికి రండి" అంది సిస్టర్, ట్రాలీ తోసుకుంటూ. "బీకర్ని చూసింది చాలు. మనిషిని చూద్దురుగాని."

ఆమె కళ్ళు పెద్దవి. ఆ సంగతి గమనించే పరిస్థితి కాదు గానీ, గమనించాడు. మగవాళ్ళ బుద్ధి అంతే, ఇల్లు అంటుకున్నా కిటికీ బాగుందే అనుకుంటుంది.

మర్నాడు తొమ్మిదికి ముందే వచ్చాడు. ట్రాలీ ముందు చక్రం కీచుకీచుమంటూ వార్డు ఆ చివర నుంచి బయల్దేరింది. ఆ కీచు వినగానే పెద్దాయన మంచం పక్కన కూర్చున్న పెద్దావిడ లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. ఆవిడ పెద్దాయన భార్య. సిస్టర్‌కి పెద్దమ్మ. తల్లీ తండ్రీ లేని పిల్లని మూడో ఏట నుంచీ పెంచింది ఆ ఇద్దరే.

"ఆ చక్రానికి కాస్త నూనె వెయ్యొచ్చు కదండీ" అన్నాడు కుర్రాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఒకసారి వేశాను. తొమ్మిది మందీ కలిసి తిట్టారు. చప్పుడు వినిపిస్తే పళ్ళు బిగబట్టుకోవడానికి టైముంటుందట."

ట్రాలీ పెద్దాయన మంచం పక్కన ఆగింది.

"ఆయన ఎడమ చెయ్యి పట్టుకోండి. అది బాగానే ఉంది. ఏం చూసినా వదలకండి."

పట్టుకున్నాడు. పెద్దాయన ఎడమ తొడ మీద ముందురోజు వేసిన జిడ్డు గుడ్డని సిస్టర్ సెలైన్‌తో తడిపింది. ఆగింది. మళ్ళీ తడిపింది. ఒక మూల నుంచి వెంట్రుకవాసి చొప్పున లేపడం మొదలుపెట్టింది. పెద్దాయన పట్టు బిగిసింది.

"ఏమయ్యా దారం" అన్నాడు పళ్ళ సందుల్లోంచి. "నీకు... బాయిలరు ఎగిరిన కథ చెప్పానా?"

"లేదండీ."

"ఓ రోజు... ప్రెషరు ఎక్కువైపోయి... బాయిలరు పైకప్పు చీల్చుకుని లేచింది. నేను దాని మీదే కూర్చుని టీ తాగుతున్నా. దిగడానికి... అబ్బా!... దిగడానికి టైమేదీ? మూడు ఊళ్ళు దాటి ఒక చెరువులో దిగింది. చెరువంతా ఉడికిపోయింది. చేపలు... ఉడికిన చేపలు ఊరంతా... అమ్మా!... పంచుకున్నారు."

"టీ ఏమైందండీ?" అన్నాడు కుర్రాడు.

పెద్దాయన కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళలోంచే నవ్వాడు. "ఒక్క చుక్క ఒలకలేదురా అల్లుడూ."

"పెదనాన్నా!" అంది సిస్టర్.

"ఏమే, నా చెయ్యి పట్టుకున్నవాణ్ణి అల్లుడనక ఇంకేమనాలి?"

"చెయ్యి పట్టుకున్నది నీది. కావాలంటే నువ్వే చేసుకో" అంది. చెవులు ఎర్రబడ్డాయి గానీ పట్టకారు పట్టుకున్న చెయ్యి మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

అంతా అయ్యాక కుర్రాడు మెట్ల దాకా బాగానే నడిచాడు. అక్కడ కళ్ళు తిరిగి పెద్దావిడ పక్కన కూలబడ్డాడు. ఆవిడ నీళ్ళ సీసా అందించింది.

"అయిందా?"

"అయిందండీ."

"ఇవాళ ఏం కథ చెప్పాడు?"

"బాయిలరు ఎగిరిన కథ."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ ఎగురుతూనే ఉంది అది" అంది పెద్దావిడ. అని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకో, ఏడుపుకో, కుర్రాడు అడగలేదు.

సర్జన్ గారు ముక్తసరి మనిషి. కారిడార్లో నిలబెట్టి విషయం తేల్చేశాడు. "కాలిన చోట కప్పడానికి ఆయన చర్మమే కావాలి. వేరేవాళ్ళది నిలవదు. ఒంట్లో బాగున్నవి రెండు తొడలే. ఎడమ తొడ మీద పల్చగా గీసి తీశాం. అది మానితే మళ్ళీ అక్కడే గియ్యొచ్చు. మీ కట్టుతో పాటు లేత చర్మం లేచిపోయింది కాబట్టి ఇక అక్కడ గీయలేం. తొమ్మిది రోజుల తర్వాత కుడి తొడ గీస్తాను. అది పది రోజుల్లో మానాలి. మానితే రెండోసారి గీసి మొత్తం మూసేస్తా."

"మానకపోతే?"

"మూయని ఛాతీతో ఎన్నాళ్ళుంటాడు?" అని సర్జన్ గారు వెళ్ళిపోయాడు.

అంటే తొమ్మిది రోజులు. కుర్రాడు ల్యాబ్‌కి వెళ్ళి మొదట చేసిన పని, ఒక టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టడం. రెండో పని, బీకర్లన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. స్పాంజి ముక్కలు తెచ్చి ఉప్పునీళ్ళతో కాస్త తడిపి, వాటి మీద తన కట్టు పరిచి, ఫ్యాను ఆన్ చేసి ఎదురుగా కూర్చున్నాడు. సాయంత్రానికి అట్ట. గట్టి అట్ట. మేకు కొట్టబోతే మేకే వంగేది.

నాచు పొడిని నీళ్ళలో కలిపితే తేనెలాంటి జిగురవుతుంది. దాన్ని చొక్కా బొత్తాం అంత బిళ్ళలోంచి నొక్కుతారు. బిళ్ళకి కంటికి ఆనీ ఆననట్టు వంద బొక్కలు. బొక్కల్లోంచి వచ్చిన జిగురు కాల్షియం కలిపిన నీళ్ళలో పడగానే గడ్డకట్టి దారమవుతుంది. ఎంతసేపు నీళ్ళలో ఉంచితే అంత గట్టిపడుతుంది. కుర్రాడు ఇరవై నిమిషాలు ఉంచేవాడు. ల్యాబ్ పెద్ద సారు ఆ దారానికి బరువులు వేలాడదీసి, తెగకపోతే పెళ్ళికొడుకులా వెలిగిపోయేవాడు. బరువు ఎంత మోస్తుందన్నదే లెక్క. గాయం మీద పడుకోబెడితే ఎలా ఉంటుందన్నది ఆ లెక్కలో లేదు.

నాలుగింటికి డ్యూటీ దిగి సిస్టర్ వచ్చింది.

"చూడ్డానికొచ్చాను" అంది, కోపం ఇంకా పోలేదన్నట్టు ముఖం పెట్టి. స్పాంజి మీది కట్లని వేలితో ఒక్కొక్కటీ తాకింది. "ఇది గోడకి. ఇది కిటికీకి. ఇది... ఊఁ, కొంచెం నయం. తలుపుకి."

"మనిషికి ఏదీ లేదా?"

"మీ దగ్గర మనుషుల సైజు ఉన్నట్టు లేదు."

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వార్డులో ఏ గాయం ఎన్నో రోజుకి ఎంత తడిగా ఉంటుందో చెప్పింది. కుర్రాడు రాసుకున్నాడు. మధ్యలో రాయడం ఆపి ఆమెనే చూస్తూ ఉండిపోయేవాడు.

"రాసుకోరేం?"

"రాసుకుంటున్నానండీ."

"పెన్ను మూత తియ్యకుండానా?"

నాలుగో రోజు వాన పట్టుకుంది. రెండు బిల్డింగుల మధ్య ఉన్న రేకుల షెడ్డు కింద ఇద్దరూ ఇరుక్కుపోయారు. రేకు మీద వాన ఎంత మోత పెట్టిందంటే, పక్కపక్కన నిలబడీ అరుచుకోవాల్సొచ్చింది.

"మీకు కోపం తగ్గిందా?" అని అరిచాడు.

"ఏంటీ?"

"కోపం! తగ్గిందా అని!"

"లేదు!" అని ఆమె కూడా అరిచింది. "కానీ మీరు కళ్ళు తిరిగి పడ్డారని పెద్దమ్మ చెప్పింది! అప్పట్నుంచి నవ్వొస్తోంది!"

"ఆయన ఎలా ఉన్నారు?"

ఆమె వానలోకి చెయ్యి చాచి, కాసేపుంచి, తడి చేతిని ముఖానికి రాసుకుంది. రోజుకి తొమ్మిది మందిని ఏడిపించాల్సిన చెయ్యి అది.

ఐదో రోజుకి దారి దొరికింది. ఇరవై నిమిషాలు కాదు, నాలుగే నిమిషాలు. ఆ తర్వాత ఉప్పునీళ్ళలో ముంచితే లోపలి కాల్షియం కొంత వదిలిపోతుంది. ఆపైన స్పిరిట్‌లో కడిగి ఆరబెట్టాలి. తయారైన దారం బలహీనంగా ఉంది. మెషీను లాగితే పుటుక్కున తెగుతోంది. అందుకని చేత్తో తీశాడు, ఊపిరి బిగబట్టి.

పెద్ద సారు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇదేం దారమయ్యా? ఆవలిస్తే తెగేలా ఉంది."

"గాయం బరువులు మొయ్యదు కదండీ."

"ఎవరు చెప్పారు నీకు?"

"సిస్టర్."

"ఓహో. సిస్టర్ చెప్పిందా!" అని పెద్ద సారు ఏదో అర్థమైనట్టు తలాడించి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఫ్యాను కింద ఉన్న కట్టుని సిస్టర్ వేలితో తాకింది. గోడ అనలేదు. తలుపు అనలేదు. మళ్ళీ తాకింది. మూల పట్టుకుని లేపితే కాలవలో నాచులాగే జారి వచ్చేసింది.

"ఇది మనిషికి" అంది.

ఆమె కళ్ళెత్తింది. అతనూ అప్పుడే ఎత్తాడు. పక్కన టేబుల్ ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

ఇక్కడితో కథ కంచికి పంపేస్తే అందరికీ సుఖం. కానీ కమిటీ అని ఒకటి ఉంటుంది కదా. కొత్త కట్టు రోగి మీద వెయ్యాలంటే ఆ కమిటీ మళ్ళీ ఒప్పుకోవాలి. ఒప్పుకుంది. ఒక షరతు మీద. కుడి తొడ గీసినచోట సగానికి కొత్త కట్టు, సగానికి ఎప్పుడూ వేసే జిడ్డు పూసిన గాజ్ గుడ్డ. ఒకే మనిషి, ఒకే తొడ, ఒకే రోజు. అప్పుడే తేడా తెలుస్తుంది.

"సగమా?" అంది సిస్టర్. వార్డు పక్కన మందుల గదిలో ఉన్నారు ఇద్దరూ. "జిడ్డు గుడ్డ ఎలా అతుక్కుంటుందో మీకు తెలుసు. మీరు చెయ్యి పట్టుకుని చూశారు. ఆయనకి ఇంకెక్కడా చర్మం లేదు."

"తెలుసు."

"అయితే మొత్తం కొత్తదే వేసేద్దాం. కట్టేది నేనే. పైన బ్యాండేజీ ఉంటుంది. ఎవరూ చూడరు."

కుర్రాడు చేతిలోని కట్టు ప్యాకెట్‌ని బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరూ చూడరంటున్నాను."

"అది చేస్తే మీ పెదనాన్నకి మంచిదేమో. కానీ ఆ తర్వాత, కొత్తది నిజంగా మేలని ఎవరికి చూపిస్తాం? ఆయన మనిషి గట్టివాడు కాబట్టి మానిందంటారు. నా దారం మళ్ళీ బీరువాలోకి పోతుంది. మిగతా ఎనిమిది మందికీ మళ్ళీ ఆ గుడ్డే."

"అయితే మా పెదనాన్న తొడ నీకు తూకంరాయా?" అంది. మొదటిసారి నువ్వు అంది. అలా పిలుస్తుందని వారం నుంచీ కలలు కంటున్నాడు పాపం. ఇలా అవుతుందనుకోలేదు. "నువ్వు ఆయన్ని ఎడమ వైపు చీల్చావు. ఇప్పుడు కుడివైపు సగం చీలుస్తానంటున్నావు!"

"అమ్మాయ్!" గోడ అవతల నుంచి బొంగురు గొంతు. ఆస్పత్రి గోడలు పల్చన. "ఇద్దరూ ఇలా రండి."

వెళ్ళి నిలబడ్డారు, దొంగల్లాగా.

"బాయిలర్‌కి నీళ్ళెంతున్నాయో చూసే గాజు గొట్టం ఒక్కటే ఉండదు, రెండుంటాయి" అన్నాడు పెద్దాయన. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఎందుకో తెలుసా? ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది. ఒకే గొట్టాన్ని నమ్మి బాయిలరు నడిపినవాణ్ణి నేను ఉద్యోగంలోంచి తీయించేశాను. ఇప్పుడు నా తొడ దగ్గరికొచ్చేసరికి ఒకటే చాలంటే ఎలాగే?"

"నొప్పి పెదనాన్నా."

"ఉంటుంది. ఇటు సగానికి అరుస్తాను. అటు సగానికి కథ చెబుతాను." ఎడమ చెయ్యి చాచాడు. "ఏం అల్లుడూ, పట్టుకుంటావా?"

కుర్రాడు పట్టుకున్నాడు. సిస్టర్ కిటికీ వైపు తిరిగింది.

కుడి తొడ గీసిన తొమ్మిదో రోజు పొద్దున కట్లు విప్పారు. సర్జన్ గారు వచ్చాడు. కమిటీ నుంచి ఒకాయన కాగితాలతో వచ్చాడు. పెద్దావిడ మెట్ల మీదికి వెళ్ళిపోయింది.

ముందు కొత్త సగం. సిస్టర్ మూల పట్టుకుని లేపింది. జెల్లీ జెల్లీగా జారి ట్రేలోకి వచ్చేసింది. కింద గులాబీ రంగులో, మెరుస్తూ, కొత్త చర్మం. పెద్దాయన చెరువులో ఉడికిన చేపల దగ్గరే ఉన్నాడు, కథ ఆపలేదు కూడా.

తర్వాత పాత సగం. ఆమె ముప్పావుగంట తడిపింది. తడిపినా అతుక్కున్నచోట అతుక్కునే ఉంది. వెంట్రుకవాసి, వెంట్రుకవాసి. మొదట పెద్దాయన కథ ఆగింది. తర్వాత ఆయన అరిచాడు. మాటిచ్చినట్టే అరిచాడు. రక్తం చిన్న చిన్న చుక్కలుగా తేలింది. కమిటీ ఆయన కాగితం మీద ఏదో రాసి, పెన్ను కింద పెట్టి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

అదే వారం మానిన సగం మీద సర్జన్ గారు రెండోసారి గీశాడు. ఆ చర్మం మెడకీ, చేతికీ సరిపోయింది. ఛాతీకి సరిపోలేదు. రెండో సగం మానేదాకా ఆగాలన్నాడు.

పెద్దాయన ఆగలేకపోయాడు. ఛాతీలోంచి జ్వరం ఒళ్ళంతా పాకింది. నాలుగో రోజు పొద్దున, ట్రాలీ చక్రం కీచుమన్నప్పుడు పళ్ళు బిగించుకోలేదు. సిస్టర్ ట్రాలీ అక్కడే వదిలేసి పరుగెత్తింది. కుర్రాడు ఆయన ఎడమ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ చెయ్యి మాత్రం తిరిగి పట్టుకోలేదు.

సర్జన్ గారు సిస్టర్ భుజం తట్టాడు. "ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నాయమ్మా. మొత్తం తొడ మానినా ఫలితం ఇదే. మనసులో పెట్టుకోకు."

ఆమె తలాడించింది. కుర్రాడి వైపు చూడలేదు. ఆ రోజు చూడలేదు. ఆ వారం చూడలేదు. వార్డులో ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. "దారం సారు ప్యాకెట్లు అక్కడ పెట్టి వెళ్ళమనండి" అని అతనికి వినిపించేలా వేరేవాళ్ళతో చెప్పేది. మూడు నెలలు.

ఈ మూడు నెలల్లో ఇంకా ఏడుగురి మీద సగం సగం వేశారు. ఏడుగురికీ ఒకటే ఫలితం. ఇక చాలు, ఇకమీదట రెండు సగాలకీ కొత్తదే వెయ్యండి, పాతది వెయ్యడం పాపం అంది కమిటీ. పెద్ద సారు ల్యాబ్‌లో మిఠాయి పంచాడు. కుర్రాడు తినలేదు. నాలుగింటికి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ తలుపు తెరుచుకుంది.

"ఆ మెషీను ఆపు" అంది సిస్టర్.

కుర్రాడి రెండు చేతుల్లోనూ నీళ్ళలోంచి వస్తున్న దారం ఉంది. "ఆ... ఆపకూడదు. ఆపితే బొక్కల్లో జిగురు గట్టిపడిపోతుంది. ఒక్క పావుగంట."

"నేను మూడు నెలలు ఆగాను."

"చెయ్యి వదిలితే తెగిపోతుంది. కూర్చోండి... కూర్చో... కూర్చోండి."

"ఏదో ఒకటి తేల్చుకో" అంది. కూర్చోలేదు. "సరే. అలా పట్టుకునే విను. ఇవాళ పొద్దున లాండ్రీలో పనిచేసే ఆవిడకి కట్టు మార్చాను. బాయిలింగ్ టబ్‌లో పడింది. రెండు సగాలకీ నీ దారమే. ట్రాలీ చప్పుడుకి దుప్పటి నోట్లో కుక్కుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను తీశాను. కొత్తది వేశాను. బ్యాండేజీ చుట్టాను. చేతులు కడుక్కుంటుంటే అడిగింది."

"ఏమని?"

"ఇంకా మొదలుపెట్టలేదేం సిస్టర్, అని."

దారం నీళ్ళలోంచి వస్తూనే ఉంది. కుర్రాడికి దారం కనిపించడం మానేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఆ మాట ఎవరూ అడగలేదు" అంది. "ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నిజం చెప్పు. ఆ రోజు నా మాట విని మొత్తం కొత్తదే వేసుంటే, పెదనాన్న బతికేవాడా?"

మెషీను గుర్రుమంటోంది. లేదనడం తేలిక. సర్జన్ గారే అనేశాడు. ఆ ఒక్క ముక్క అంటే చాలు, ఆమె దగ్గరికొచ్చి నిలబడుతుంది.

"తెలీదు" అన్నాడు కుర్రాడు. "బతికేవాడేమో. రోజూ అనుకుంటాను. నిజంగా నాకు తెలీదు."



"డాక్టర్ గారు మంచి మాట చెప్పారు. వినడానికి హాయిగా ఉంది. ఒక్క రోజు కూడా నమ్మలేదు" అంది. "నాకూ తెలీదు. తెలీని ఇంకో మనిషి పక్కన ఉంటే గానీ దీన్ని నేను మొయ్యలేను. అది చెబుదామనే వచ్చాను. నువ్వు కూడా మంచి మాట చెప్పుంటే ఇటునుంచి ఇటే వెళ్ళిపోయేదాన్ని."

"ఇప్పుడు వెళ్ళవా?"

"పిలిస్తే వెళ్ళను."

"మూడు నెలలుగా రోజూ నాలుగింటికి ఆ తలుపు వైపే చూశాను. తలుపు పాడైందా, కార్పెంటర్‌ని పిలిపించనా అని పెద్ద సారు అడిగారు." ఊపిరి తీసుకున్నాడు. "నాకు నువ్వంటే ఇష్టం. గోడకా అని అడిగావు చూడు, అప్పట్నుంచే."

"తిట్టినప్పుడా? నీకు మెదడు ఉందా అసలు?"

"లేదేమో. మూడుసార్లు టెస్ట్ చేశాం."

ఆమె నవ్వింది. మూడు నెలల తర్వాత నవ్వు కదా, మధ్యలో ఏడుపు కలిసింది. దగ్గరికొచ్చి అతని కళ్ళు తన చెంగుతో తుడిచింది, గాయం తుడిచినంత నెమ్మదిగా.

"అమ్మాయ్!" తలుపు బయట నుంచి పెద్దావిడ గొంతు. "చెప్పేశావా, ఇంకా డొంకతిరుగుడుగానే ఉందా? కాళ్ళు లాగుతున్నాయే నాకు."

"పెద్దమ్మా! నువ్వు గేటు దగ్గరుంటానన్నావు కదా!"

"గేటు దగ్గరికి వినపడదు" అంటూ లోపలికొచ్చింది. కుర్రాణ్ణి ఎగాదిగా చూసింది. ఆ తర్వాత అతని చేతిలో దారాన్ని చూసింది. "ఇదేనా, ఆయన మీద వేసింది?"

"ఇదేనండీ."

ఆవిడ ఒక పోగు వేళ్ళ మధ్య పట్టుకుంది. కట్టు మార్చేటప్పుడు ఆవిడ ఏనాడూ లోపల లేదు. మెట్ల మీద కూర్చుని అరుపులు మాత్రమే విన్నది. అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

"ఇది వేసినవైపు... నొప్పి పెట్టిందా ఆయనకి?"

"లేదు పెద్దమ్మా" అంది సిస్టర్. "ఆ వైపు తీసేటప్పుడు చేపల కథ చెబుతూనే ఉన్నాడు."

పెద్దావిడ పోగుని చాలాసేపు పట్టుకునే ఉంది. అది పుటుక్కున తెగిపోయింది.

"అయ్యో, పాడుచేశాను."

"ఫర్వాలేదండీ" అని వెనక్కి తిరిగిన కుర్రాడు, "అయ్యయ్యో!" అని కేక పెట్టాడు. మెషీను ఎప్పుడాగిపోయిందో! బొత్తాం అంత బిళ్ళకి వంద బొక్కలూ పూడుకుపోయాయి. అలారం కూడా మోగుతోంది. ముగ్గురిలో ఒక్కరికీ వినపడలేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అంది సిస్టర్.

"వెంట్రుకంత తీగ పెట్టి ఒక్కొక్క బొక్కా పొడవాలి. సాయంత్రమైపోతుంది."

సిస్టర్ చేతులు కడుక్కుని స్టూలు లాక్కుంది. "ఇటివ్వు. నా చెయ్యి వణకదు."

పెద్దావిడ ఇద్దర్నీ చూసింది. ఖాళీగా ఉన్న మూడో స్టూలుని చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ మా ఇంటికి తీసుకురా, మాట్లాడాలి" అంది కూర్చుంటూ. "ఏదీ, నాకూ ఒక తీగ ఇలా ఇయ్యి, అల్లుడూ."